పీట మీద కుండ తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వాదన మొదలైనా అది తిరిగి తిరిగి దొడ్లో కొబ్బరిచెట్ల కిందకే చేరేది. వాదించేది ఇద్దరే, మా తాతయ్యా, మా మామ్మా. వినేదాన్ని నేనొక్కదాన్ని. మా నాన్నది ఊరూరా తిరిగే ఉద్యోగం కాబట్టి నన్ను రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఉంచి చదివించేరు. "మేడంగారికి ఈ నోరు ఎక్కణ్ణించి వచ్చిందండీ?" అని మా కాలేజీలో తోటి లెక్చరర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఎక్కణ్ణించేమిటి, ఇద్దరు ఉద్దండుల దగ్గర రోజూ ఉచితంగా ట్యూషను చెప్పించుకున్నాను.

తాతయ్య లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యేరు. ఆ తరవాత దొడ్డే ఆయన బడి. పొద్దున్నే కాఫీ తాగి, పంచె ఎగ్గట్టి, చీపురు పట్టుకుని దిగేవారు. రాలిన ఆకూ అలమూ ఊడ్చడం, చెట్ల వరసల మధ్య నీళ్ళు పారే బోదెల్లో పేరుకున్న చెత్త పారతో లాగడం, ఊడిపడిన కొబ్బరి కమ్మలు ఈడ్చుకొచ్చి ఒక పక్కన పేర్చడం. ఎండెక్కేక ఒక చెట్టు మొదట్లో పీట వేసుకుని, ఆ కమ్మల ఆకులు చీరి చీపుళ్ళకి ఈనెలు తీసేవారు. కాలవ మీంచి వచ్చే గాలి నేరుగా ఆ చెట్టు కిందకే వస్తుందని ఆయన నమ్మకం. దొడ్డి అద్దంలా ఉండేది, నిజమే. కానీ ఆయన కాళ్ళకి చెప్పుల్లేవు, తలకి గుడ్డ లేదు, పైకి చూసే అలవాటు అంతకన్నా లేదు. ఆ తల మీద వెంట్రుకలు కూడా లేవు. మామ్మ దిగులంతా ఆ బోడి తల గురించే.

ఆ చెట్టు ముసలిది, పొడుగాటిది. పైన ఎండిన కాయలు ఎప్పుడూ రెండో మూడో వేలాడుతూనే ఉండేవి. "ఏవండీ, అక్కడ కూచోకండీ, మీ నెత్తి మీదే ఉన్నాయవి" అని మామ్మ వంటింటి గుమ్మంలోంచి కేకేసేది. "కాయకి మూడు కళ్ళున్నాయే. కింద మనిషున్నాడని చూసుకునే పడుతుంది" అని ఈయన తల ఎత్తకుండానే జవాబు చెప్పేవారు.

ఆ మాట తాతయ్య సొంతం కాదు. కొబ్బరికాయ మనిషి నెత్తిన పడదని మా కోనసీమలో పాత నమ్మకం. పీచు వలిస్తే కనబడే ఆ మూడు గుంటలూ వట్టి గుంటలు కావనీ, మనిషి చేత్తో నీళ్ళు తాగి పెరిగిన చెట్టు మనిషికి అపకారం చెయ్యదనీ పెద్దవాళ్ళు ఎంత ధీమాగా చెప్పేవారంటే, అవతలి వీధిలో పసిపిల్లల్ని చెట్టు కింద చాపేసి పడుకోబెట్టేవారు. ప్రతి లెక్కకీ రుజువు అడిగే మాస్టారు ఈ ఒక్కదాన్ని మాత్రం రుజువు లేకుండా ఒప్పేసుకున్నారు. నేనూ తాతయ్య పార్టీయే. కాయకి మూడు కళ్ళూ నేను స్వయంగా చూసేను కదా, ఇంకేం కావాలి?

ఒకరోజు పొద్దున్న తాతయ్యా నేనూ దొడ్లోకి దిగేసరికి ఆయన పీట మీద అప్పటికే ఎవరో కూర్చుని ఉన్నారు. చూస్తే ఇంకో తాతయ్య! చిరుగుల లాల్చీలో ఎండుగడ్డి కూరి, పాత పంచె చుట్టి, మెడ దగ్గర కర్ర గుచ్చి, దాని మీద ఒక మట్టికుండ బోర్లించి ఉంది. కుండకి బొగ్గుతో మీసాలు. కళ్ళకి తాతయ్య పక్కన పడేసిన పాత కళ్ళజోడు. అచ్చం ఆయనలాగే విసుగ్గా ఉంది మొహం. నేను పొట్ట పట్టుకుని నవ్వేను.

మామ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీ కాయకి కళ్ళుంటే ఆయన్ని కూడా చూస్తుంది కదండీ. పంచె ఉంది, లాల్చీ ఉంది, కళ్ళజోడు కూడా ఉంది. వచ్చే దింపు దాకా ఆయన్ని అక్కడే కూచోనివ్వండి." దింపంటే మనిషి చెట్టెక్కి ముదిరిన కాయలు కోసి దించడం. దానికింకా చాలా రోజులుంది. "అప్పటికి ఆ తలకాయ నిలబడితే నేనీ విషయంలో మళ్ళీ నోరెత్తను. పగిలిందా, దొడ్లో నేను చెప్పినట్టు వినాలి. అందాకా మీరు ఆ చెట్టు కిందకి పోకూడదు, ఆయన్ని ముట్టుకోకూడదు."

మామ్మ మళ్ళీ నోరెత్తదన్న మాట వినగానే తాతయ్యకి ఇంకేమీ వినబడలేదు. "ఒప్పుకున్నాను. అమ్మడూ, నువ్వే సాక్షివి" అన్నారు. పందెం గెలిచినా ఓడినా దింపు వరకూ ఆయన్ని ఆ చెట్టు కిందనించి మామ్మ లేపేసిందన్న సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. తాతయ్యకి తట్టిందో లేదో తెలీదు.

తాతయ్య ఇంకో పీట తెచ్చుకుని వెనక అరుగు మీదకి మారేరు. అక్కడ గాలి లేదని సణుగుడు. నేను బడినించి రాగానే పుస్తకాలు పడేసి కుండని చూసొచ్చి ఆయనకి కబురు చెప్పేదాన్ని. ఒక సాయంత్రం గాలి రేగి నిజంగానే ఎండుకాయ ఒకటి పడింది. బొమ్మకి మూరెడు దూరంలో! తాతయ్య సంతోషం చూడాలి. "చూసేవుటే? చూసుకుని తప్పుకుంది! ఇంకా ఏం రుజువు కావాలి?" అని వంటింటి గుమ్మం దాకా వచ్చి చెప్పేరు. మామ్మ ఆ కాయ పట్టుకెళ్ళి పచ్చడి చేసింది. తాతయ్య రెండోసారి అడిగి వేయించుకున్నారు.

రేపు దింపు అనగా, మధ్యాహ్నం భోజనాలయ్యేక ముగ్గురం అరుగు మీద ఉన్నాం. ఆకు కదలడం లేదు. కుండ తాతయ్య మీసాలు వానకి సగం కరిగిపోయినా తల మాత్రం నిక్షేపంగా ఉంది. గెలిచినట్టే కదా అని తాతయ్య లేచేరు. "ఇవాళ గాలే లేదు, పడేదేముంది? వెళ్ళి నా పీట నేను తెచ్చుకుంటాను."

"గడువు రేపండీ" అంది మామ్మ, ఒత్తి చేస్తున్న దూది మీంచి కళ్ళెత్తకుండా.

"ఒక పూట తేడా ఏమిటే?"

"మీ బళ్ళో పిల్లలు ఒక పూట ముందే పరీక్ష కాయితం ఇమ్మంటే మీరు ఇచ్చేవారా? ఇవాళ మీరు దాన్ని ముట్టుకున్నారంటే పందెం ఓడిపోయినట్టే. అడగండి సాక్షిని."

నేను సాక్షిని కదా, మాట తప్పకూడదు. "రేపే తాతయ్యా" అన్నాను. ఆయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, ఆడవాళ్ళకి న్యాయం ఎలా తెలీదో మాకు వివరంగా చెప్పడం మొదలుపెట్టేరు. నేను ఎదురు చెప్పేను. మామ్మ ఎదురు చెప్పింది. ఆయన ఇంకా గట్టిగా చెప్పేరు.

ఆ మాటల మధ్యలో పైన టక్కుమంది. గాలి లేదు, ఏమీ లేదు. మనిషికి రెండింతల పొడవున్న ఎండుకమ్మ ఒకటి చెట్టునించి ఊడి, రోకలంత బరువున్న మట్ట వైపు ముందుగా, నిటారుగా దిగింది. కుండ పగిలిన చప్పుడు చిన్నదే. కానీ ముగ్గురికీ నోళ్ళు మూతపడ్డాయి. తల లేని లాల్చీ పీట మీదనించి మెల్లిగా పక్కకి ఒరిగిపోయింది.

ముందు తేరుకున్నది తాతయ్యే. వాదన మాత్రం వదల్లేదు. "పడింది కమ్మ. కాయ కాదు. మన పందెం కాయ మీద. కమ్మకి కళ్ళుంటాయని నేనెప్పుడన్నాను?"

మామ్మ మొహం పాలిపోయి ఉంది. అయినా ఊరుకుంటుందా? "తల పగిలేక, పడింది కాయో కమ్మో మీరు లేచి చూసి చెప్తారా?" అంది.

తాతయ్య చెయ్యి దానంతటదే పైకి వెళ్ళి బోడి తలని తడుముకుంది. తరవాత మామ్మ వైపు తిరిగి, "ఆయ్" అన్నారు.

మా వైపు ఆ మాట పెద్దవాళ్ళు ఏదైనా చెప్తే, సరేనండీ అనడానికి వాడతాం. తాతయ్య హెడ్మాస్టరుగారితో అనడం విన్నాను, గుళ్ళో పంతులుగారితో అనడం విన్నాను. భార్యతో అనడం అదే మొదటిసారి. మామ్మ చప్పున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో సాక్షికి కనబడలేదు.

మర్నాడు దింపు తీసే అతను చెట్టెక్కినప్పుడు తాతయ్య దూరంగా నిలబడి, కాయలే కాదు, ఎండుకమ్మలూ వట్టి గెలలూ మొత్తం కోసి పడెయ్యమన్నారు. నన్ను అరుగు దిగనివ్వలేదు. ఆ తరవాత ప్రతి దింపుకీ అదే పద్ధతి. పీట నాలుగు చెట్ల మధ్య ఖాళీలోకి మారింది. తలకి తువ్వాలు, కాళ్ళకి చెప్పులు వచ్చేయి. ఎప్పణ్ణించో పేర్చి ఉన్న కమ్మల్ని ఎత్తేముందు కర్రతో తట్టడం కూడా మామ్మ షరతుల్లో చేరింది, కింద తేలో పామో చల్లగా పడుకుని ఉంటుందని. గాలి రేగితే ఎంత ఊడ్పు మిగిలినా చీపురు పడేసి వచ్చేసేవారు. అన్నిటికన్నా ముందు, దొడ్లో అడుగు పెట్టబోతూ మెట్టు మీద ఆగి, తల వెనక్కి వాల్చి, చెట్టు చెట్టునీ పైకి చూసేవారు. పక్కన నిలబడి నేనూ చూసేదాన్ని. ఆయన చాలా ఏళ్ళు బతికేరు. ముసలితనంతో మంచంలోనే పోయేరు, తల మీద చిన్న గీత కూడా లేకుండా.

ఇప్పుడా దొడ్డి నాది. మొన్న గడ్డి కోసే మిషను తీసుకుని ఒకతను వచ్చేడు. కాళ్ళకి హవాయి చెప్పులు, కళ్ళకి ఏమీ లేదు. ఆ మిషను తిరిగితే రాయి తూటాలా వస్తుంది. గుమ్మం పక్కన నేను ఎప్పుడూ ఉంచే బూట్లూ కళ్ళద్దాలూ చూపించి, ముందవి వేసుకోమన్నాను. ముసలిచెట్టుకి కమ్మలు ఎండి ఉన్నాయి, దింపు అయ్యేదాకా దాని కింద కొయ్యొద్దని కూడా చెప్పేను. "ఏం కాదండీ మేడంగారూ, కొబ్బరికాయకి కళ్ళుంటాయి కదండీ" అని నవ్వేడు. తల పగిలేక లేచి చూసి చెప్తావా అన్న మామ్మ మాట మామ్మ గొంతుతోనే అప్పజెప్పేను. అతను "ఆయ్" అని బూట్లు తొడుక్కున్నాడు.

ఊరికే వాదిస్తావని నన్ను అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అననివ్వండి. ఆ మధ్యాహ్నం మా తాతయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది మా వాదన వల్లే. వాదన లేకపోతే ఆ సమయానికి ఆయన చెయ్యి పీట మీద ఉండేది, తల కుండ పక్కన ఉండేది. అందుకే ఎవరి తల కాయడానికైనా నేను నోరు చేసుకుంటాను, సిగ్గుపడను. కానీ మా దొడ్డి మెట్టు మీదకి వచ్చేసరికి నోరు దానంతటదే మూతపడుతుంది. ముందు పైకి చూస్తాను. ఆ తరవాతే అడుగు.