పెనుకొండ బండ మీది స్తంభం

ఈమధ్య పెనుకొండ దాటగానే మా బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. తడిసిన బొచ్చు వాసన కిటికీలోంచి గుప్పుమనగానే ముక్కు మూసుకొని తల తిప్పుకున్నాను. పక్కసీటావిడ నా మొహం చూసి, వాంతొస్తోందేమోనని ప్లాస్టిక్ కవరు చేతికిచ్చింది. ఈ వాసనకు నాకు పద్మావతి మేడం గుర్తొస్తారని ఆమెకు ఎలా చెప్పను?

మేడంది హిందూపురం. వాళ్ళ నాయన పట్టుగూళ్ళ వ్యాపారి. ఉపగ్రహాల సంకేతాలతో భూమి కదలికలు కొలిచే చిన్న ప్రయోగశాలకు ఆమె పెద్ద, నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. సముద్రం అడుగున ఒక భూఫలకం ఇంకోదాని కిందికి దూరిపోయే చోట, ఆ పైనున్న దీవుల్లో మా యాంటెనాలు ఉండేవి. రెండు ఫలకాలూ ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నంతకాలం దీవులు ఒక దిక్కుకు ఈడ్చుకుపోతుంటాయి. ఎప్పుడో ఒకసారి ఆ పట్టు భూకంపం లేకుండానే వారాల తరబడి నిదానంగా సడలి, దీవులు బియ్యపు గింజంత వెనక్కి జరుగుతాయి. అక్కడ నిలబడ్డవాళ్ళకు కూడా తెలియదు. ఆ నిదానపు జారుడును మా దీవుల్లో పట్టుకోవాలని మేడం ఇరవై ఏళ్ళకు పైగా కాచుకొని కూర్చున్నారు.

చేరిన కొత్తలో నాకిదంతా అయోమయంగా ఉండేది. మాది ధర్మవరమని, మా నాయన చీరలు నేస్తాడని తెలిశాక ఒకరోజు మేడం అడిగారు.

"మగ్గం మీద చీర జరిగేది కంటితో ఎప్పుడన్నా చూసినావా?"

లేదన్నాను.

"సాయంత్రానికి మూరెడు చుట్టుకోనుంటాది గదా. ఇదీ అంతే."

మళ్ళీ నాకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక అంకె తప్పితే లెక్కంతా మూడుసార్లు చేయించేవారు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తన బొరుగుల ఉగ్గాని డబ్బా నా వైపు జరిపి, తిని మళ్ళీ చెయ్యమనేవారు.

దీవులు ఎంత జరిగాయో తెలియాలంటే జరగనిది ఒకటి కావాలి. మా లెక్కలకు అది పెనుకొండ దగ్గర ఒక గుట్ట మీది బండ. వయసులో ఉండగా మేడమే దాన్ని ఎంచి, పైన కాంక్రీటు స్తంభం కట్టించి యాంటెనా పెట్టించారు. మా సీమలో పుట్టినవాళ్ళకు ఏం కదిలినా రాయి కదలదని ధీమా. ఆ ధీమా నాకూ దండిగా ఉండేది.

ఒక ఏడు వానలు గట్టిగా పడ్డాక, దీవుల కదలికను చూపే మా గ్రాఫులో గీత వంగింది. దీవులన్నీ వెనక్కి జరుగుతున్నాయి. నేను గంతులేశాను, మేడం నవ్వలేదు. ఆ ఫలితం చెప్పాల్సిన సదస్సు వారంలో ఉంది, ఆమె ఉద్యోగ విరమణ కూడా ఆ ఏడే. ఎందుకైనా మంచిది, పెనుకొండకు పోయి యాంటెనా చూసి రమ్మన్నారు. మీరూ రండి మేడం అంటే మోకాళ్ళ నొప్పులన్నారు. నమ్మాను.

స్తంభం నిటారుగా ఉంది. ఫోటోలు తీసుకుంటుంటే జల్లు మొదలైంది. గొర్రెలు కాసే తాత ఒకాయన తన మందను బండ వైపు తోలాడు. చూస్తుండగానే గొర్రెలు బండ కింద ఈ పక్కన దూరి ఆ పక్కన తేలాయి. తాత తీరిగ్గా చెప్పాడు.

"ఇది కొండలోది గాదమ్మా, గుండు. మట్టి మీద కూసోనుండాది. ఈయేడు వానలకు మట్టి కోసుకపోయి సందు పెద్దదాయ."

బోర్లా పడుకొని చూశాను. తడి బొచ్చు వాసన మొహానికి కొట్టింది. అవతలి వెలుతురు కనిపించింది. దీవులు వెనక్కి పోలేదు. వాటిని కొలిచే మా బండే ముందుకు జారింది.

గుట్ట దిగుతూ, ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకున్నాను. ఎవరొచ్చి చూస్తారు? అంతలోనే మేడం ఫోన్. అంతా బాగుందని, స్తంభం గట్టిగా ఉందని చెప్పాను. ఆమెతో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

మేడం గొంతు పెంచకుండా అన్నారు.

"అన్ని దీవులూ ఒకే కొలతన ఎట్ల జరుగుతాయి మే? నెల నుంచి నాకు అనుమానం ఉండాది. నేనే పోతే ఏమీ లేదని చెప్పుకొని వచ్చేస్తానేమోనని భయమై నిన్ను పంపిస్తిని. నువ్వు గూడా అంతేనా?"

నాకు ఏడుపొచ్చింది. తప్పు దొరికినందుకు కాదు. ఈ భూమ్మీద అబద్ధమాడలేని మనిషి ఒకరున్నారనుకుంటే, ఆమె తనను తానే నమ్మడం లేదు. నన్ను నమ్మి పంపితే నేను చేసింది ఇదీ. ఏడుస్తూ అంతా చెప్పేశాను. సందు ఎన్ని జానలుందని మాత్రం అడిగారు.

ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మర్నాడే సదస్సువాళ్ళకు ఉత్తరం రాశారు. బండను ఎంచింది తానేనని, తప్పు తనదేనని. బండను నమ్మి మోసపోయిందని కొందరు వెక్కిరించారు కూడా. నా అబద్ధం గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మధ్యాహ్నం ఉగ్గాని డబ్బా ఎప్పటిలాగే నా వైపు జరిపేవారు, అది నాకు తిట్టుకన్నా కష్టంగా ఉండేది. ఆ జారుడును చూడకుండానే రిటైరయ్యారు, చూడకుండానే పోయారు.

ఇప్పుడు నాకూ ఒక ప్రయోగశాల ఉంది. మనసుకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడు దాన్ని సరిచూడడానికి నేను పోను. నేనంటే ప్రాణమిచ్చే పిల్లల్నీ పంపను. నా పొడ గిట్టని ఒకాయన ఉన్నాడు, ఆయన్నే బతిమాలి పంపిస్తాను. ఆయన తిరిగి వచ్చేదాకా నాకు అన్నం దిగదు.