ఉల్లికారం ముద్ద

కాంపౌండరు బాబాయి పోయారన్న కబురు వచ్చేసరికి నేను మా కుక్కకు అన్నం కలుపుతున్నాను. నిజం చెబుతున్నాను, ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. వీడికి ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ఇక ఎవరినడగను?

ఆయన పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. గురజాలలో మా ఎదురిల్లే. చుట్టరికం లేదు గానీ మా వీధి మొత్తానికీ బాబాయే.

అప్పట్లో నా కంచంలో చివరి ముద్ద మా కుక్క బుడ్డోడిది. మా అమ్మ అలవాటు, నాకూ వచ్చింది. పల్నాడువాళ్ళ ముద్ద ఎలాంటిదో మీకు తెలుసుగా. పచ్చి ఉల్లిపాయ, ఎండుమిరపకాయలు కలిపి నూరిన ఉల్లికారం, పైన నెయ్యి. ఆ నెయ్యి వాసనకు వాడు లొట్టలేసుకుంటూ తినేవాడు. వారం రోజులు వరసగా పెట్టాను. ఆ మరునాడు వాడు లేవలేదు. పోసిన ఉచ్చ ఎర్రగా ఉంది.

నా కేకకు బాబాయి తాగుతున్న టీ వదిలేసి వచ్చారు. బుడ్డోడి పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. తెల్లగా పాలిపోయాయి.

"ఏం పెట్టావే?"

"నేను తినేదే బాబాయ్. ఉల్లికారం ముద్ద."

"ఓసి పిచ్చిమొహమా! ఉల్లిపాయ కుక్కకి విషమే. లోపల నెత్తురు ఇరిగిపోద్ది. ప్రేమగా పెడితే విషం కాకుండా పోద్దా?"

"బతుకుతాడా?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "తెలవదమ్మా. ముందు ఆటో పిలువు" అన్నారు.

డాక్టరు సెలైన్ పెట్టారు. నాలుగు రోజులు వాడి పొట్టమీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, ఊపిరి ఆడుతోందా లేదా అని. ఐదో రోజు వాడు గిన్నె నాకాడు.

వాడి వంట కూడా బాబాయే నేర్పారు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముకలు తీసేసి. కాస్త అన్నం, కాస్త గుమ్మడికాయో క్యారెట్టో, అప్పుడప్పుడూ గుడ్డు. "మాంసం ఎక్కువ, అన్నం తక్కువ. మనం తిరగేసి పెడతన్నాం" అనేవారు. అయినా నా భయం పోలేదు. ఏది పెట్టాలన్నా ఎదురింటికి పరిగెత్తేదాన్ని.

"ఏందే, అరటిపండు ముక్కక్కూడా నా సంతకం కావాలా?" అని నవ్వేవారు. విసుక్కోవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

పెద్దకర్మ నాడు బుడ్డోడు బాబాయి వాళ్ళ వాకిట్లోనే కూర్చున్నాడు. పిన్ని, అంటే బాబాయి భార్య, విస్తరిలో పప్పుచారన్నం తెచ్చింది.

"మీ బాబాయికి ఈడంటే చానా ప్రాణం. ఆయన పేరున ఒక్క ముద్ద పెడతానే" అంది.

అన్నంలో ఉల్లిపాయ ముక్కలు పైకే కనిపిస్తున్నాయి. అన్ని రోజులు ఏడ్చిన మనిషిని ఎలా కాదనను? బుడ్డోడు అప్పటికే మూతి చాపాడు.

"పిన్నీ, వద్దు!"

పందిట్లో అందరూ తిరిగి చూశారు. పిన్ని ముద్దలోని ఉల్లిపాయ ముక్కల వంక చూసి, దాన్ని విస్తరిలోనే వేసేసింది. తర్వాత విస్తరి పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది.

"అయితే నువ్వు వండింది తీసుకురా" అంది.

తెచ్చాను. గడపమీద కూర్చుని, ఆ ఉప్పులేని మెతుకులు తన చేత్తో పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యాక కూడా వాడు ఆమె అరచెయ్యి నాకుతూనే ఉన్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.