ఎవులింటికి?

పోయిన వారం పొద్దున్నే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది, మామ్మ ఇక లేరు అని. కింద నలుగురైదుగురు "ఏ మామ్మ?" అని అడిగారు. పేరు రాద్దామంటే ఎవరికీ తెలియదు. చివరికి కిరాణా కొట్టు ఆంటీ "తూము మీద మామ్మ" అని పెట్టింది. ఇక గ్రూపంతా దండం బొమ్మలే. నేనేమీ పెట్టలేదు. ఫోన్ బోర్లా పెట్టాను, తీశాను, మళ్ళీ బోర్లా పెట్టాను. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు. ఈ సాయంత్రం ట్యూషన్ నుంచి ఇంటికెలా రావాలి అన్న భయం వచ్చింది.

ఎందుకో చెప్పాలంటే మామ్మ కూర్చునే చోటు చెప్పాలి. అరసవల్లి దాటాక మెయిన్ రోడ్డు మీద మా కాలనీ ఆర్చి ఉంది, పైన ఇంగ్లీషు పేరుతో. షేర్ ఆటో అక్కడే దింపేస్తుంది. అక్కడి నుంచి మా ఇంటికి నడవాలి. దారికి అటూ ఇటూ సగం కట్టిన ఇళ్ళు, పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ ప్లాట్లు. మధ్యలో మలుపు. కాలవ పనికి తెచ్చిన సిమెంటు తూము ఒకటి, పని ఆగిపోతే ఆ మలుపులోనే మిగిలిపోయింది. దాని మీద మడత పెట్టిన గోనెసంచి, గోనెసంచి మీద మామ్మ. ఎండ వాలగానే వచ్చి కూర్చునేది, ఇళ్ళల్లో లైట్లు వెలిగేదాకా లేచేది కాదు. ఎవరు అటు వెళ్ళినా ఒకటే ప్రశ్న.

"ఎవులింటికి?"

కొరియర్ కుర్రాళ్ళని, గ్యాస్ బండిని, పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళని కూడా వదిలేది కాదు.

ఈ కాలనీ అంతా ఒకప్పుడు మామ్మ వాళ్ళ వరి పొలం. ముక్కముక్కగా అమ్ముకుంటూ వచ్చి, చివరికి మూలన ఒక రెండు గదుల ఇల్లు మిగుల్చుకున్నారు. పొలం పోయినా మామ్మ నోట్లో మళ్ళ పేర్లు పోలేదు. మనం ఫస్ట్ లైన్, సెకండ్ లైన్ అంటాం. ఆవిడకి అవి ఉల్లిగట్టు, ఊటమడి, కళ్ళం. టౌన్లో కొట్టున్న ఆంటీ వాళ్ళు ఉల్లిగట్టోళ్ళు. ఉప్పు పండే నౌపడ నుంచి వచ్చిన అంకుల్ వాళ్ళు ఊటమడోళ్ళు. ధాన్యం నూర్చిన కళ్ళంలో మా ఇల్లు లేచింది కాబట్టి నేను కళ్ళం గుంటని, అంటే కళ్ళం పిల్లని. స్కూల్లో ఎవరైనా ఆ పేరు వింటారేమో అని నాకు హడలు.

కొత్తవాళ్ళు పాలు పొంగించిన రోజే వెళ్ళి, ఏ ఊరోలు, ఎవులి తాలూకా అని అడిగి ఏదో ఒక వరస కలిపేసేది. మా నాన్నది రామతీర్థం పక్క ఊరు. మామ్మ అన్నగారి కూతుర్ని అటువైపే ఇచ్చారట. అంతే, నాన్న అల్లుడైపోయాడు, అమ్మ కూతురైపోయింది. అమ్మకి అది అస్సలు నచ్చేది కాదు. "మనకీ ఆవిడకీ ఏం చుట్టరికం? మనింటికి ఎవరొచ్చి వెళ్ళారో అన్నీ ఆవిడకే కావాలి" అని తలుపు వేసేసేది.

నౌపడ అంకుల్ మాత్రం ఆగి మరీ దెబ్బలాడేవాడు. వానాకాలం వాళ్ళ గోడలన్నీ చెమ్మెక్కుతాయి.

"అమ్మినప్పుడు సెప్పనేదేటి మామ్మా, అది ఊటమడని?"

"నువ్వడిగినావేటి? జాగా ఉందా అన్నావు, ఉందన్నాను. ఉప్పుమళ్ళ కాడ పుట్టినోడివి, తడంటే బయమేటిరా?"

అంకుల్ నవ్వేవాడు. నేను తల వంచుకుని దాటిపోయేదాన్ని. నన్నూ అడిగేది. "ఏటే ఇంగిలీసు గుంటా, ఎవులింటికి?" రోజూ చూసే నన్ను! ఒళ్ళు మండేది.

కార్తీకంలో బేగి చీకటి పడుతుంది కదా. అప్పుడు మొదలైంది. ఆటో దిగి నడుస్తుంటే వెనక బండి చప్పుడు. దాటి వెళ్ళదు, ఆగదు. నేను మెల్లగా నడిస్తే మెల్లగా, బేగి నడిస్తే బేగి. ఎర్ర హెల్మెట్. మర్నాడూ అదే. ఇంట్లో చెప్పలేదు. మా పెద్దమ్మ కూతురు ఇలాగే చెబితే కాలేజీ మాన్పించేశారు. వాడెవడో హాయిగా తిరుగుతున్నాడు, అది ఇంట్లో కూర్చుంది. అందుకని నోరు మూసుకున్నాను. అన్నం తినేటప్పుడు బయట ఏ బండి వెళ్ళినా చెయ్యి ఆగిపోయేది.

ఒక సాయంత్రం తూము దగ్గరికొచ్చేసరికి మామ్మ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఒసే, నా సెవిలో ఏటో పడిపోయినాది, సూడు."

వంగి చూశాను. ఏమీ లేదు. ఈలోగా బండి దగ్గరికొచ్చింది.

"ఎవులింటికి బాబూ?"

"ఫ్రెండ్ ఇంటికి."

"ఏ మడి?"

"థర్డ్ లైనండి."

"లైనేటి? ఉల్లిగట్టా, ఊటమడా, కళ్ళమా?"

వాడు తెల్లమొహం వేశాడు. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా ఆ పేర్లు తెలుసు.

"నీ స్నేగితుడు ఏ మళ్ళో ఉంతాడో తెలకుండా వచ్చేసినావా? రా, కూకో, ఆడే వస్తాడు. ఏ ఊరు మీది? మీ యమ్మ ఎవులింటి ఆడపడుసు? మీ తాత పేరేటి?"

వాళ్ళమ్మ మాట వచ్చేసరికి బండి తిప్పేశాడు. మామ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచే?"

నేను బ్యాగు సర్దుకున్నాను.

"సెప్పకు, పోనీ. రేపు ఆటో దిగి తిన్నగా నా కాడికి రా."

ఆ తర్వాత వాడు ఆర్చి దాటలేదు. కానీ ఆర్చి బయట ఉండేవాడు. నేను అక్కడి నుంచి తూము వైపు చూస్తూ నడిచేదాన్ని. గోనెసంచి మీద ఆ ముడుచుకున్న ఆకారం కనిపిస్తే ఊపిరి ఆడేది. ఆవిడ మా అమ్మతో ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం వదిలేది కాదు.

"నానుండగా ఆడు రాడు. నానెల్లిపోయినాక? మీ యమ్మకి సెప్పే."

"ట్యూషన్ మాన్పించేస్తారు మామ్మా."

"మానిపిస్తే దెబ్బలాడు. ఇంగిలీసులో దెబ్బలాడు, తెలుగులో దెబ్బలాడు. నోరుంది కాదేటి? అడిగినోడిదే ఊరు. అడగనోడిది ఒట్టి దారే."

చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. మామ్మ రాత్రి పడుకున్నది మళ్ళీ లేవలేదట.

తలనొప్పి అని కొన్ని రోజులు ట్యూషన్ ఎగ్గొట్టాను. టెస్టు ఉందని సార్ ఫోన్ చేశారు. వెళ్ళక తప్పలేదు. తిరిగొచ్చేసరికి చినుకులు. ఆర్చి దాటాను. వెనక బండి. ఈసారి ఆర్చి దగ్గర ఆగలేదు. తూము దాకా వచ్చి నిలబడిపోయాను. తడిసిన గోనెసంచి ఉంది, మనిషి లేదు. మామ్మలా అడుగుదామనే వెనక్కి తిరిగాను. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు.

"ఎవరింటికి బాబూ?"

అమ్మ. చెత్త బకెట్ పట్టుకుని గొడుగేసుకుని వస్తోంది.

"అడ్రస్ వెతుకుతున్నానండి."

"ఏ మడి?"

ఆ మాట మా అమ్మ నోట్లోంచి వచ్చింది. ఇంటి నంబరు, పిన్‌కోడు తప్ప ఇంకోటి పలకని మా అమ్మ నోట్లోంచి. బండి తిరిగి వెళ్ళిపోయింది.

"ఎవరే వాడు?"

"తెలీదమ్మా. కార్తీకం నుంచీ వెనకాలే వస్తున్నాడు. మామ్మకి తెలుసు."

ట్యూషన్ మానెయ్ అంటుందని చూశాను. అమ్మ బకెట్ కింద పెట్టింది. గోనెసంచి తీసి నీళ్ళు పిండి, మళ్ళీ పరిచి, దాని మీద కూర్చుంది.

"ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"చెప్పలేదమ్మా. ఆవిడే చూసింది."

చాలాసేపు ఇద్దరం అక్కడే కూర్చున్నాం. గొడుగు నా వైపే ఎక్కువ ఉంది. నాన్నకి ఏం చెప్తుందో, ట్యూషన్ సంగతేమిటో నాకింకా తెలియదు. రాత్రుళ్ళు ఇప్పటికీ బండి చప్పుడుకి మెలకువ వస్తుంది.

నిన్న సాయంత్రం ఆటో దిగగానే అలవాటుగా మలుపు వైపు చూశాను. తూము మీద ఎవరో ఉన్నారు. దగ్గరికెళ్తే అమ్మ. కింద ఉతికి ఆరేసిన గోనెసంచి, ఒళ్ళో చిక్కుడుకాయలు. ఎదురుగా ఒక కొరియర్ కుర్రాడు పెట్టె పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, వాళ్ళమ్మది ఏ ఊరో చెబుతున్నాడు.