నొక్కి చూడని సోమవారాలు

కరోనా రావడానికి ముందటి ఏడాది. బేస్తవారిపేట దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను పీఈటీని, అంటే ఆటల మాస్టారిని. పేరుకే ఆటలు. మధ్యాహ్నం భోజనం లైన్లు నిలబెట్టడం, లెక్కల సారు రాని రోజు ఆయన క్లాసులో పిల్లల్ని గొడవ చేయకుండా కూర్చోబెట్టడం, ఇవీ నా ఉద్యోగం. అసలు పని పొద్దున ఆరింటికి మొదలై ఎనిమిదింటికల్లా అయిపోయేది. గుండ్రాళ్లు ఏరేసి సున్నంతో గీతలు గీసుకున్న రెండు వందల మీటర్ల ట్రాక్, ఒక స్టాప్‌వాచ్, ఒక ఐసు డబ్బా, అంతే నా ఆస్తి.

నేను క్రైస్తవుణ్ణి. మా తాత గిద్దలూరు పక్కన ఒక పల్లెలో మందిరం గోడలకు రాళ్లు మోసినవాడు. ఆదివారం మందిరంలో ఒక మనిషిగా, సోమవారం గ్రౌండ్‌లో ఇంకో మనిషిగా ఉండకూడదని నా పట్టుదల. పిల్లల్ని తిట్టను, కొట్టను. వయసు రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ తెప్పించుకుంటే మెడల్ ఖాయమని తోటి పీఈటీలు ఎన్నిసార్లు చెప్పినా ఆ పని చేయలేదు. "నీకు మెడల్స్ పరలోకంలో ఇస్తార్లే" అని ఎగతాళి చేసేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం గర్వపడేవాణ్ణి, ఒప్పుకోవాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు చెడ్డవాళ్లు చేసే రకం కాదు. నాలాంటి మంచివాడు లేడనుకునే వాళ్లే చేయగలరు.

ఆ ఏడాది కెజియా పదో తరగతి. వాళ్లది స్కూలుకు మూడు కిలోమీటర్ల దూరంలో పల్లె. నాయన గోడలు కట్టే బేల్దారి పని, తల్లి మార్తమ్మ కూలి. మా ఇల్లూ ఆ పల్లె పక్కనే కాబట్టి అందరిదీ ఒకటే మందిరం. మార్తమ్మ అక్కడ ఊడ్చి ముగ్గు వేసేది, తెల్లవారి ప్రార్థనకు గంట కొట్టడం కెజియా వంతు. ఐదున్నరకు గంట కొట్టి, ఆ గంట తాడు వదిలీ వదలగానే పరుగందుకుని ఆరింటికి గ్రౌండ్‌లో ఉండేది. మిగతా పిల్లలకు నేను వార్మప్, అంటే ఒళ్లు వేడెక్కించే కసరత్తు చేయించాలి. ఈ పిల్లకు వచ్చేసరికే అయిపోయి ఉండేది. పదిహేను వందల మీటర్లలో దాని వెంట పరిగెత్తే ఆడపిల్ల మా మండలాల్లో లేదు. మగపిల్లలు కూడా చివరి రౌండ్లో దాని వీపు చూస్తూనే వచ్చేవాళ్లు.

జనవరి మొదట్లో ఒంగోలులో క్రీడా హాస్టల్ ఎంపికలు. అందులో నిలిస్తే ఇంటర్, డిగ్రీ అన్నీ అక్కడే. తిండి, బూట్లు, కోచింగ్ అన్నీ ప్రభుత్వానివే. వయసు ప్రకారం కెజియాకు అదే ఆఖరి అవకాశం. లేదంటే వాళ్లక్కలాగా పరీక్షలు రాసిన మర్నాడు మిరపకోతకు పోవడమే.

"అన్నా, దీన్ని ఎట్లనన్నా ఆ హాస్టల్లో వేయించు" అని మార్తమ్మ నా దగ్గరకు వచ్చి అడిగింది. "పెద్దదాని చేతులు చూసినావు గదా. మంటకు అన్నం గూడా కలుపుకోలేదు. ఇదన్నా నీడపట్టున ఉంటది."

"దేవుడు కాళ్లిచ్చినాడు తల్లీ. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

నవంబరులో కెజియా ఎడమ కాలి ముందు ఎముక నొప్పి అంది. మా వృత్తిలో దీన్ని షిన్ పెయిన్ అంటారు. గట్టి నేల మీద ఎక్కువ పరిగెత్తే పిల్లలకు మోకాలి కింద ముందు ఎముక వెంబడి వస్తుంది. ఇందులో రెండు రకాలు. ఎముక పొడవునా జానెడు మేర సలిపితే అది షిన్ స్ప్లింట్స్, విశ్రాంతికి తగ్గుతుంది. ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత మేర పొడిచినట్టుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో వెంట్రుకవాసి చీలిక. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనపడదు. దానిమీద పరిగెత్తితే ఎముక రెండు ముక్కలవుతుంది. తేడా తెలుసుకోవడానికి పేదవాడి పరీక్ష ఒకటుంది. బొటనవేలితో ఎముక వెంబడి అంగుళం అంగుళం నొక్కుతూ రావాలి. చీలిక మీద వేలు పడిందంటే ఎంత మొండి పిల్లయినా కెవ్వుమంటుంది. నేను ప్రతి సోమవారం ప్రాక్టీసుకు ముందు అందరి కాళ్లూ అట్లా నొక్కి చూసేవాణ్ణి. పిల్లలు "సోమారం నొక్కుడు" అని పేరు పెట్టారు.

ఆ సోమవారం నొక్కాను. పొడవునా నొప్పి అంది. పరుగు ఆపించి, ఐసు పెట్టించి, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చాను. అంతవరకు నా పని నేను సరిగానే చేశాను.

ఆ రెండు వారాల్లోనే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు మార్తమ్మ పిల్లను తీసుకుపోయింది. అయ్యగారు, అంటే మా పాస్టరు, కాలికి నూనె రాసి ప్రార్థన చేశారు. శనివారం కెజియా నా ముందుకు వచ్చి రెండు కాళ్ల మీద గెంతి చూపించింది. "లేదు సార్, నొప్పి అస్సలు లేదు!" దాని ముఖం చూస్తే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. విశ్రాంతికి తగ్గే నొప్పి విశ్రాంతికి తగ్గిందని నా చదువు చెబుతూనే ఉంది. వినలేదు.

"రేపు సాక్ష్యం చెప్పు" అన్నాను.

మా సంఘాల్లో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు మేలు చేసినవాళ్లు లేచి నిలబడి నలుగురిలో చెప్పాలి. మేలు పొంది నోరు మూసుకుంటే కృతజ్ఞత లేనివాళ్లంటారు. చెప్పిన మాట నుంచి మళ్లీ వెనక్కి పోవడం ఉండదు.

"నాకు సిగ్గు సార్. మీరే చెప్పండి."

"కాలు నీది. నోరు గూడా నీదే ఉండాల."

చెప్పింది. తల మీద తెల్ల చున్నీ కప్పుకుని, మైకు పట్టుకుని, నాలుగు ముక్కలే చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. డిసెంబరు వచ్చింది, ఊరూరా సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకు ముందు జరిపే కూడికలు. పరుగుల పిల్ల సాక్ష్యం అని పక్క ఊళ్ల వాళ్లు అడిగారు. రెండు ఊళ్లకు తల్లీబిడ్డల్ని నేనే ఆటో మాట్లాడి తీసుకుపోయాను. ముందు వరసలో కూర్చుని, నా శిష్యురాలని పక్కవాళ్లకు చెప్పుకున్నాను కూడా.

ఇక అసలు సంగతి. సాక్ష్యం చెప్పిన మర్నాడు సోమవారం. పిల్లలందరూ వరసగా కూర్చుని కాళ్లు చాపారు. ఒక్కొక్కరినీ నొక్కుతూ వచ్చాను. కెజియా దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నిన్న నూటయాభై మంది ముందు దేవుడు బాగుచేశాడని చెప్పిన కాలు. ఈ రోజు నేను నొక్కి చూస్తే, దేవుడు చేసిన పనిని తనిఖీ చేసినట్టు కాదా? అందులోనూ పక్కన వేరే మతం పిల్లలు చూస్తున్నారు. "నీకెందుకులే, నువ్వు లెయ్" అన్నాను. కెజియా ఒక్క క్షణం కాలు చాపుకునే కూర్చుంది. తర్వాత లేచింది.

ఆ సోమవారమే కాదు, ఒంగోలు పోయేదాకా వచ్చిన ఏ సోమవారమూ ఆ కాలు నొక్కలేదు.

మూడో వారంలో నాకు ఒకటి కనిపించింది. కెజియా ఎడమ పాదాన్ని బయటి అంచు మీదే నేలకు ఆనిస్తోంది. బూటు మడమ ఒక పక్కే అరిగింది. నొప్పి ఉన్న కాలిని కాచుకుంటోందని కోచ్ అన్నవాడు నిద్రలో కూడా పట్టేయాల్సిన గుర్తు ఇది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, చూసి కూడా చూడనట్టే ఉన్నాను. ఒకసారి మాత్రం అడిగాను.

"ఎట్లుంది కాలు?"

"దేవుని దయ వల్ల బాగుంది సార్."

మా వైపు విశ్వాసుల ఇళ్లలో పైరెట్లుందన్నా, జ్వరమెట్లుందన్నా ఇదే జవాబు. అది మర్యాద. కాలి గురించి అందులో ఏమీ లేదని నాకు తెలిసి ఉండాల్సింది. నాలుగు వందల మీటర్లు ఎనిమిది సార్లు పరిగెత్తమన్నాను. పరిగెత్తింది.

ఒంగోలులో ఎంపికల రోజు మార్తమ్మ కూడా వచ్చింది. పరుగుకు ముందు ముగ్గురం ఒక మూల నిలబడి ప్రార్థన చేసుకున్నాం. పదిహేను వందలంటే పెద్ద ట్రాక్ మీద మూడు ముప్పావు రౌండ్లు. రెండు రౌండ్లు కెజియానే ముందుంది. నేను స్టాప్‌వాచ్ చూసి, దీన్ని ఆపేవాళ్లు లేరనుకున్నాను. మూడో రౌండ్ మలుపులో ఎండు కట్టె విరిచినట్టు చప్పుడైంది. అంత దూరానికి నాకు వినపడిందా, లేక తర్వాత నా మనసు పెట్టుకున్నదా, ఇప్పటికీ తెలియదు. పిల్ల ముందుకు పడింది. నేను పోయేసరికి మోకాలి కింద కాలు వేరే వైపుకు తిరిగి ఉంది. నా చొక్కా పట్టుకుని అది అన్న మొదటి మాట, "సార్, అయ్యగారికి చెప్పొద్దు."

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది ఈ రోజు విరిగింది కాదండీ. వారాల నుంచి చీలి ఉంది. పిల్ల దీని మీదే పరిగెత్తుతోంది. కోచ్ ఎవరు?"

"నేనే."

"వేలు పెట్టి నొక్కితే తెలిసిపోయేదే. నొక్కలేదా?"

మార్తమ్మ నా వైపు చూసింది.

ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. కుట్లు చీము పట్టాయి, మళ్లీ తెరిచారు. అంతలో కరోనా వచ్చింది, బస్సులు ఆగాయి, ఒంగోలు పోవాల్సిన తేదీలన్నీ దాటిపోయాయి. చివరికి ఎముక అతికింది గాని కాలు పొట్టిదైంది. మందిరం గంట ఇప్పుడు వేరే పిల్ల కొడుతుంది.

ఊళ్లో మాటలు ఆ కాలి కంటే హీనంగా చెడ్డాయి. విశ్వాసం తక్కువై ఉంటుందన్నారు కొందరు. దాచిన పాపమేదో ఉందన్నారు ఇంకొందరు. నాకు ఒళ్లు మండింది. మందిరాలు మళ్లీ తెరిచాక ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. "ఆ పిల్ల విశ్వాసానికి ఏ లోటూ లేదు. తప్పు నాది. చూడాల్సిన కాలు నేను చూడలేదు. సాక్ష్యం చెప్పమని తొందర పెట్టినవాణ్ణి కూడా నేనే" అని చెప్పాను. చెప్పి కూర్చోగానే, ఎవరు ఏం చెప్పినా అలవాటైన చప్పట్లు మొదలయ్యాయి. వెనక ఎవరో "స్తోత్రం" అన్నారు. అయ్యగారు పాట ఎత్తుకున్నారు. నేను చెప్పింది కూడా ఒక మేలే అన్నట్టు ముగిసిపోయింది. ఆ రోజు నుంచి చాలాకాలం నేను ప్రార్థన చేయలేకపోయాను. మోకాళ్ల మీద కూర్చుంటే మాట రాదు, బొటనవేలు కనిపిస్తుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు అందరి కాళ్లూ నొక్కుతాను. ఎవరైనా పిల్ల "దేవుని దయ వల్ల బాగుంది సార్" అంటే, "ఆయన దయ సంగతి నాకు తెలుసులే తల్లీ, కాలు ఇట్ల పెట్టు" అంటాను. తిరిగి లేచిన ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే గాని నమ్మనన్న శిష్యుడి మీద మేం చిన్నప్పటి నుంచి ప్రసంగాలు విన్నాం. ప్రతి ప్రసంగంలోనూ ఆయన తక్కువవాడే. కాని ప్రభువు ఆయన్ను వెళ్లగొట్టలేదు, వేలు ఇటు తెమ్మన్నాడు. అంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఆడపిల్ల కాలు ఖర్చయింది.

పోయిన వేసవిలో కెజియాను చూశాను. ఊరి బయట రేకుల షెడ్డులో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నారు. కూర్చుని చేసే పని కాబట్టి అది చేయగలదు. ఎడమ కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. పక్కనే ఒక గోతాం మీద కూర్చున్నాను. అన్నేళ్లుగా అడగాలని అడగలేని మాట ఆ రోజు అడిగాను.

"నొప్పి మళ్లా ఎప్పుడొచ్చింది?"

"మొదటి సాక్ష్యం అయినాక నాలుగో రోజు సార్."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

చేతిలో మిరపకాయ తొడిమ తీసి పక్కన వేసింది. "అంతమంది ముందర చెప్పినాను గదా సార్. మళ్లా నొప్పి అంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు గాదా? నోటితో చెప్పడానికి భయమేసింది." నా ముఖం చూడకుండానే మళ్లీ అంది. "సోమారం సోమారం కాలు చాపుకుని కూసునేదాన్ని సార్. మీరు నొక్కింటే అరిచేదాన్ని. అరుపు దానంతట అదే వస్తది, అది నేను చెప్పినట్టు గాదు గదా. మీరు నొక్కుతారేమోనని చూసినా."

ఘాటుకు నా కళ్లు మండుతున్నాయనుకుని ఎవరో మంచినీళ్ల చెంబు అందించారు. తీసుకుని తాగాను. కెజియా ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి తీసుకుంది.