మూడేళ్ల పాపకు నల్లపూసలు

దేశంగాని దేశంలో, ఈ క్వేకర్స్ హిల్‌లో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు రాధాకృష్ణ. ఆయన పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కంప్యూటర్లకు వచ్చిన వైటూకే గండం పుణ్యమా అని కంపెనీ పెట్టి, ఆంధ్రా నుంచి కుర్రాళ్లను తెప్పించి, వాళ్ల వీసాలు గుప్పిట్లో పెట్టుకుని అందరి నెత్తినా ఎక్కి కూర్చున్నాడు. మా పక్కింటి జయంత్ అందులోనే ప్రోగ్రామర్.

జయంత్ భార్య కాత్యాయనిది ఏలూరు. యూనిలో పీహెచ్‌డీ చేస్తోంది. పదిహేను వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సన్లు చనిపోయినవాళ్లతోపాటు పాతిపెట్టిన గాజుపూసలు ఆవిడ సబ్జెక్టు. ఏ పూస ఏ రంగు, ఎలా చేశారు, ఎవరి సమాధిలో దొరికింది అని రోజంతా భూతద్దం పట్టుకుని చూడడమే పని. మాకు కనపడడమే మానేసి తనూ ఒక నల్లపూసైపోయింది. తన మెడలోని నల్లపూసల దండ తెగి ఆ పాతవాటిలో కలిస్తే కొంప మునుగుతుందని, ల్యాబుకు వెళ్లేటప్పుడు తీసి ఇంట్లో పెట్టేది. ఆ బోసి మెడ చూసి రాధాకృష్ణ భార్య శ్యామసుందరి ఎన్ని కూతలు కూసిందో! ఆవిడ నోటికి హద్దూ అదుపూ లేదు.

1999 ఉగాదికి ఆ మొగుడు ఇంకో ఘనకార్యం చేశాడు. సమాధుల్లో నల్లటి పూసలు కూడా దొరికాయని కాత్యాయని ఎప్పుడో మాటల్లో అంది. అంతే, "ఇంగ్లీషు ముత్తైదువలూ నల్లపూసలు కట్టారు" అంటూ సంఘం సావనీరులో ఆవిడ పేరుతోనే వ్యాసం అచ్చేయించాడు. ఆ నెలాఖరుకే ఆవిడ థీసిస్ ఇవ్వాలి. అలాంటి చెత్త తన పేరు మీద ఉంటే ఇన్నేళ్ల చదువూ నవ్వులపాలే.

స్కూలు హాల్లో సభకు ముందే వెళ్లి అడిగింది. "అంకుల్, అది నేను రాయలేదు. స్టేజి మీద మీరే తప్పని అనౌన్స్ చెయ్యండి."

"మన కల్చర్‌కి పేరొస్తుంటే నీకేం నొప్పమ్మా? జయంత్ వీసా రెన్యువల్ నా టేబుల్ మీదుంది. చూసుకో మరి," అన్నాడు.

తర్వాత ఆ వ్యాసం రాసినందుకని ఆవిడను సన్మానానికి పిలిచి శాలువా కప్పారు. కాత్యాయని శాలువా తీసి కుర్చీలో పడేసి మైకు అందుకుంది.

"ఈ వ్యాసం నాది కాదండీ. ఆ పూసల్ని వెలుతురులో పెట్టి చూస్తే అసలు నలుపే కాదు, ముదురాకుపచ్చ. పైగా నేను చూసినవి దొరికింది మూడేళ్ల పాప సమాధిలో."

రాధాకృష్ణ మైకు లాక్కున్నాడు. "సోమవారం నుంచి మీ ఆయన్ని ఆఫీసుకి రావొద్దని చెప్పు," అని బయటికి నడిచాడు.

జయంత్ మొహం కందగడ్డయింది. "ఎప్పుడో చచ్చిన పిల్ల కోసం నా జాబ్ ఊడగొట్టావు కదే!"

"అయితే ఆ పిల్లకి పెళ్లి చేసెయ్యమంటావా?" అంది కాత్యాయని.

జయంత్ "అంకుల్, సారీ అంకుల్, ఒక్క నిమిషం అంకుల్" అంటూ కార్ పార్కులోకి పరిగెత్తాడు. సిగ్గులేని మనిషి! పెళ్లాం వైపు వెనక్కి తిరిగైనా చూడలేదు.