అల్లుడి ఎర్రకోటు

మొన్న, ఇప్పుడు నేనుంటున్న ఇంద్రేశంలో, మా పక్కింటి కుర్రాళ్లు డాబా మీద కరెంటు గిటారును స్పీకరుకు తగిలించారు. పాట మొదలవకముందే వచ్చే ఆ గుర్రుమనే చప్పుడు విని, బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టేశాను. మా ఆయన ఉన్న రోజుల్లో దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో వినిపించే చప్పుడు అదే.

డెబ్భైల మొదట్లో నేను పటాన్‌చెరుకు కాపురానికి వచ్చేనాటికి ఆయన పగలు ఫ్యాక్టరీలో ఫిట్టరు, సాయంత్రం రాక్ బ్యాండులో గిటారు. మొత్తం నలుగురు స్నేహితులు, అందరివీ నేల ఊడ్చే ప్యాంట్లు, చెవులు కప్పిన జుట్టు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక ఆఫీసరుగారి అబ్బాయి ఇంగ్లీషు పాటలు పాడేవాడు. నేను ఫ్యాక్టరీ క్లబ్బు మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, గిటారు వంతు రాగానే జనం తలలు అటు తిరగడం మాత్రం బాగా అర్థమయ్యేది. మా అత్తగారు, "ఏంది బిడ్డా, గీ లొల్లికి చప్పట్లు గూడనా?" అనేవారు.

ఒకరోజు ఆయన ప్రాక్టీసుకు వెళ్లేసరికి వాళ్లు వాయించుకునే షెడ్డులో డ్రమ్ములు లేవు. పాటగాడికి నగరంలో ఏదో హోటల్లో పాడే పని దొరికింది. మిగతా ఇద్దరినీ వెంట తీసుకుపోయాడు. ఈయనకు మాట మాత్రం చెప్పలేదు. "నాతోని అవసరం లేదట" అన్నారు ఇంటికొచ్చి, అంతే.

ఆ తర్వాత ఒంటరిగానే మొదలుపెట్టారు. సంగారెడ్డిలో ఒక బడి వార్షికోత్సవంలో వాయిస్తుంటే, రెండో పాట మధ్యలో ఓ పెద్దమనిషి లేచి, "మైకు టెస్టింగ్ అయినంక పిలువుర్రి" అని బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడట. నాటకాలవాళ్లు పిలిచి, పిడుగు పడే సీనులో చప్పుడుకు గిటారు తీగ లాగమన్నారు. పిడుగు బాగానే పడేది, నాటకమే నిలబడలేదు. ఇవన్నీ నవ్వుతూనే చెప్పేవారు గానీ, గిటారు తుడిచేటప్పుడు నా వైపు చూసేవారు కాదు. కొన్నాళ్లకు, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లోనే, ఆయనకు ఓవర్‌టైం ఎక్కువైంది.

కందిలో మా పెద్దమ్మ కూతురి పెళ్లికి కూడా ఓవర్‌టైమని రాలేదు. పొద్దున్నే మగపెళ్లివారు బ్యాండుతో ఊరేగింపుగా వచ్చారు. హారతి పళ్లెంతో నేను గుమ్మంలో ఉన్నాను. బాకాల వెనక, బ్యాటరీ, స్పీకరు పెట్టిన తోపుడుబండి పక్కన, బంగారు గుండీల ఎర్రకోటులో మా ఆయన. ఎవరి కోటో, చేతులు మరీ పొట్టి. వేరే ఊరి పెళ్లికని ఒప్పుకుంటే, బ్యాండు మేస్త్రి చివరి నిమిషంలో ఇటు పంపాడని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. బాకాలూ డోళ్లూ మోగుతూనే ఉన్నాయి. గిటారు ఆగిందని ఎవరికీ తెలియలేదు. నేను హారతి పళ్లెంలోకి తల దించుకున్నాను.

పెద్దమ్మ కూడా చూసింది. ఆమెకు తెలిసిన మర్యాద ఒక్కటే. "అల్లుడొచ్చిండు. జల్దీ కాళ్లకు నీళ్లు తేర్రి" అంది. నడివీధిలో, మెడలో గిటారుతో నిలబెట్టి చెంబుతో కాళ్లు కడిగారు. ఎవరైనా తిట్టినా ఆయన తల అంతగా వంగేది కాదు. పెళ్లికొడుకు పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మగపెళ్లివారు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంతలో బయటి నుంచి మేస్త్రి, "గిటార్ భాయ్, ఏడున్నవ్? ఇంకో పాట ఉంది" అని కేకేశాడు.

ఆయన లేచారు.

"కూసో అల్లుడా, ఇగ నువ్వు పోవుడేంది?" అంది పెద్దమ్మ.

"పనికొచ్చిన అత్తమ్మా. పని చేసి వస్త" అని వెళ్లి, బండి పక్కన నిలబడి వాయించారు.

తిరుగు బస్సులో పటాన్‌చెరు దగ్గరపడ్డాక, "నన్ను సూసి సిగ్గుపడ్డవా?" అని అడిగారు.

"పడ్డ" అన్నాను.

"నేను గూడ పడ్డ. గని ఇగ ఓవర్‌టైమని చెప్ప."

చెప్పలేదు కూడా. ఆయన కొలతలకు ఎర్రకోటు నేనే కుట్టించాను. దాన్ని ఇంట్లోనే తొడుక్కుని, వీధిలో అందరూ చూస్తుండగా వెళ్లేవారు. వేళ్లు సహకరించినన్నాళ్లూ వాయించారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు కుర్చీలోంచి లేచి వెళ్లి ఏ పాట వాయించారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. తడిసిన ప్యాంటు అంచులు మాత్రం ఇప్పటికీ కళ్లకు కనిపిస్తాయి. కాలం మా సిగ్గును ఇంత భద్రంగా దాచి, పాటను మాత్రం ఎటో పోనిచ్చింది.