ఉతికిన చొక్కా

మా బావ వీధి మలుపు తిరగకముందే ఆయన వస్తున్నట్టు మా ముక్కులకు తెలిసిపోయేది. కాగితం మిల్లులో చెక్కముక్కలు ఉడికించే డైజెస్టర్ దగ్గర పని ఆయనది. చెక్కలో నారను అంటిపెట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం లిగ్నిన్. దాన్ని విడదీయడానికి సోడా, గంధకం కలిసిన ద్రావణంలో ఉడికించేవారు. ఆ కుళ్ళిన గుడ్ల కంపు ఎంత సబ్బు రుద్దినా పూర్తిగా వదిలేది కాదు.

“స్నానం చేశాకే మొగుడివి, అప్పటిదాకా మిల్లువాడివి,” అంటూ అక్క గుమ్మంలోనే తువ్వాలు విసిరేది.

“కంపు నాది కాదే, చెక్కది!” అనేవాడు బావ.

“నీకు చాటుమాటు వ్యవహారాలు నడిపే యోగం లేదు బావా,” అని నేనూ ఏడిపించేవాణ్ణి.

అందుకే, మిల్లులో కొత్త పద్ధతి వస్తోందనగానే మొదట పేరిచ్చింది ఆయనే. అందులో గంధకం ఉండదు. నీళ్ళు కలిపిన ఆల్కహాల్‌లో కాస్త ఆమ్లం వేసి చెక్కను ఉడికిస్తారు. ఆల్కహాల్‌ను ఆవిరిగా పట్టి మళ్ళీ వాడతారు, లిగ్నిన్ గోధుమరంగు పొడిగా దిగుతుంది. మిల్లు వెనక కాలువలోకి నల్లనీళ్ళు రావడం ఆగిపోయింది. మంచిపనే, కాదనను. రావలసినప్పుడు రాలేదనే నా కడుపుమంట.

అప్పటికే అక్కకు మతిమరుపు జబ్బు ముదిరింది. కన్నకూతుర్నే “ఎవరమ్మా నువ్వు?” అనేది. బావ ఒక్కడినే గుర్తుపట్టేది, ఆయన తినిపిస్తేనే తినేది. కొత్త డైజెస్టర్‌కి మారిన కొన్నాళ్ళకు ఆయన్ని చూసి కూడా కేకలు పెట్టింది. ఆమె గుర్తుపట్టేది మొహాన్ని కాదని అప్పుడర్థమైంది. నన్ను పాతదానికే పంపండి సార్ అని బావ మేనేజర్ని బతిమాలుకున్నాడు. పాతదాన్ని అప్పటికే విప్పి తుక్కు కింద అమ్మేశారు.

ఇంట్లో ఒక పాత డ్యూటీ చొక్కా మిగిలింది. బావ అది తొడుక్కుంటేనే అక్క నోరు తెరిచేది. తినిపించగానే విప్పి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించేవాడు. అలా ఎందుకు చేస్తున్నాడో కూతురికి చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నాన్నకు చొక్కా ఉతికిపెట్టే దిక్కు కూడా లేకపోయిందే అని ఆ పిల్ల జాలిపడి, దాన్ని నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టింది.

ఆ మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. బావ ఆ చొక్కానే తొడుక్కుని, గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. అక్క గాలి పీల్చి చూసింది. దుప్పటి మెడదాకా లాక్కుంది.

“మా ఆయన డ్యూటీకెళ్ళారండీ. వచ్చేదాకా కాస్త బయట కూర్చోండి,” అంది మర్యాదగా.

“అలాగేనండీ,” అని బావ గిన్నె పక్కన పెట్టి, బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.